ఆ ముక్కు ఎవరి వైపుది?

వదినగారికి,

నమస్కారాలు. ఇక్కడ మేమంతా బాగున్నాం. అక్కడ మీరూ బాగుండాలి, ఎందుకంటే ఈ ఉత్తరం చదవడానికి కొంచెం ఓపిక కావాలి.

మన మనవరాలు పిడుగుకి మూడేళ్ళు నిండిన రోజున మీరొచ్చి, గుమ్మంలో చెప్పులైనా విడవకుండా, "అచ్చం మా వైపు ముక్కే!" అన్నారు. అప్పుడు నా నోట్లో నాలుగు గుండుసూదులు ఉన్నాయి కాబట్టి జవాబు చెప్పలేకపోయాను. లేకపోతే అక్కడికక్కడే తేలిపోయేది. ఫోను చేద్దామనుకున్నాను గానీ, ఫోనులో మాటలు గాలికి పోతాయి. కాగితమైతే రేపు సాక్ష్యానికి పనికొస్తుంది.

వదినగారూ, ముప్ఫయ్యేళ్ళుగా మెడలో టేపు వేసుకుని బతుకుతున్నదాన్ని. మనిషి మెట్లెక్కుతుంటేనే నడుము కొలత చెప్పేస్తాను. ముక్కు నాకో లెక్కా? పిల్ల పడుకున్నప్పుడు కొలిచాను. పొడవు మామూలే. అసలు సంగతి కొసన ఉంది. ఎవరో గోటితో నొక్కినట్టు చిన్న సొట్ట. ఆ సొట్ట నాది. నమ్మరేమో, చిన్నప్పుడు నా ముక్కుకీ సరిగ్గా అక్కడే ఉండేది. ఏళ్ళ తరబడి మిషను మీద వంగి వంగి కుట్టడం వల్ల పూడిపోయింది.

కాబట్టి ఇంకెప్పుడూ పదిమందిలో "మా వైపు" అనకండి. పదిమందీ నా ఖాతాదారులే.

మీ వదిన
(కుట్టుమిషను వదిన)

తా.క.: పిల్ల ఫొటో పంపుతున్నాను. ముక్కు బాగా కనపడాలని దగ్గరగా తీయించాను. ముక్కు తప్ప ఇంకేమీ పడలేదు.

*

గౌరవనీయులైన వదినగారికి,

నమస్కారం. మీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి ఎర్ర పెన్నుతో చదివాను.

మీకు తెలియంది కాదు, ఇరవై తొమ్మిదేళ్ళు బడిలో జీవశాస్త్రం చెప్పినదాన్ని. కనుక ఈ విషయాన్ని ఆవేశంతో కాక శాస్త్రంతో చూద్దాం. మిషను మీద వంగితే ముక్కు సొట్ట పూడదు. పుట్టాక ఒంటికి వచ్చిన మార్పు పిల్లలకి దిగనూ దిగదు. మీ వేలికి ఎన్నిసార్లు సూది గుచ్చుకుని ఉంటుంది! మీ అబ్బాయి చిల్లు వేలితో పుట్టాడా?

మరి తల్లికీ తండ్రికీ లేని సొట్ట పిల్లకి ఎలా వచ్చింది? మంచి ప్రశ్న. మీరు అడగలేదు, అయినా చెబుతాను. ఒక పొడుగు బఠాణీ మొక్కనీ, ఒక పొట్టి బఠాణీ మొక్కనీ కలిపితే మొదటి తరంలో అన్నీ పొడుగువే వస్తాయి. పొట్టితనం పోయిందనుకుంటాం. పోదు. లోపల దాక్కుంటుంది. ఆ పొడుగు మొక్కల్ని వాటిలో వాటికే కలిపి చూడండి, నాలుగింట ఒకటి మళ్ళీ పొట్టిది పుడుతుంది. పైకి కనపడేదాన్ని బహిర్గత లక్షణం అంటారు, దాక్కునేదాన్ని అంతర్గత లక్షణం అంటారు. ముక్కు తయారీలో చాలా జన్యువుల చెయ్యి ఉంటుంది గానీ, మన లెక్క సులువుగా ఉండటానికి సొట్టకి ఒకే జన్యువు ఉందనుకుందాం.

ఆ సొట్ట మా అమ్మది. ఆవిడ ఫొటో జత చేస్తున్నాను. పాతది, అయినా ముక్కు కొస స్పష్టంగానే ఉంది. భూతద్దంతో చూడండి.

శుభాకాంక్షలతో,
మీ వదిన

తా.క.: మీ ఉత్తరంలో పదకొండు అక్షరదోషాలు దిద్ది తిప్పి పంపుతున్నాను. చేతిరాతకి మాత్రం పదికి ఏడు వేశాను.

*

వదినగారికి,

నమస్కారాలు. ఏడు మార్కులకి సంతోషం. మిగిలిన మూడూ మీరే ఉంచుకోండి.

మీ అమ్మగారి ఫొటో చూశాను. భూతద్దం అక్కర్లేకపోయింది. ఆవిడ ముక్కు కొసన ఉన్నది సొట్ట కాదు, చెదపురుగు పెట్టిన చిల్లు. కిటికీకేసి పట్టుకుని చూస్తే అందులోంచి ఎదురింటి గోడ కనపడింది.

ఇక ఆ బఠాణీల సంగతి. మా అబ్బాయి అయిదడుగుల మూడంగుళాలు, మీ అమ్మాయి వాడికన్నా రెండంగుళాలు ఎక్కువ. అది పెళ్ళినాడే అందరూ చూశారు. ఇన్నేళ్ళ తరవాత మీరు పొడుగు మొక్క, పొట్టి మొక్క అని ఉత్తరం రాసి గుర్తు చెయ్యక్కర్లేదు. నేను వాడికి చొక్కాలు కుడతాను, నాకు తెలీదా వాడి పొడవు? మా ఆయన గుండీలు కుట్టుకుంటూ, "ఆవిడ నిజంగా బఠాణీల గురించే రాసిందేమోనే" అన్నారు. ఆయనకి లోకం తెలీదు.

ఇంకోటి. "దాక్కుంటుంది, పోదు" అని రాశారు. మా ఇంట్లో దాచుకున్నవేమీ లేవు. మేం చేసే పనంతా వీధి గదిలో, తలుపులు బార్లా తెరిచి. బహిర్గతం అంటే మేమే. లోపల దాచుకునే అంతర్గతం మీరే అయి ఉంటారు.

మీ వదిన

తా.క.: మొన్న మీరు వేసుకొచ్చిన జాకెట్టు ఎడమ భుజం అంగుళం జారింది. మెడ లోతు ముందొకటి, వెనకొకటి. నేను మార్కులు వెయ్యను. ఊరికే చెబుతున్నానంతే.

*

గౌరవనీయులైన వదినగారికి,

నమస్కారం. బఠాణీలంటే బఠాణీలే. అల్లుడుగారిని నేను ఒక్కమాట అనలేదు, అనను కూడా. ఆయన కళ్ళజోళ్ళ దుకాణంలో నా అద్దాలకి సగం ధరే తీసుకుంటారు.

చెదపురుగు సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ చెద తినకముందు అక్కడ సొట్ట ఉండేది. ఆ ముక్కుని పద్దెనిమిదేళ్ళు ఎదురుగా కూర్చుని చూసినదాన్ని.

ఇప్పుడు శాంతంగా వినండి. మీకు అనుకూలమైన మాటే చెబుతున్నాను. పిల్లకి ప్రతి లక్షణానికీ రెండు చీటీలు అందుతాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. దాక్కునే లక్షణం బయటపడాలంటే రెండు చీటీలూ అవే కావాలి. అంటే సొట్ట ఒక్క మా వైపు నుంచే రాలేదు. మా అమ్మ చీటీ ఒకటి మా అమ్మాయి చేతుల మీదుగా వచ్చింది. రెండోది అల్లుడుగారి చేతుల మీదుగా, మీ వైపు నుంచి రావాలి.

మీకు సొట్ట లేదు. మీ ముక్కు నేను చూశాను, అది నున్నటి ముక్కు. అన్నయ్యగారికీ లేదు. మరి ఎవరిది? మీ అమ్మగారిదా? మీ అత్తగారిదా? చెబితే నోటు పుస్తకంలో వంశవృక్షం గీసి పంపుతాను. మీ వైపు గడి ఒకటి ఖాళీగా ఉండిపోయింది.

నిజానికి మనవరాలిలో మీకొక పావు, నాకొక పావు, మిగతా సగం మన ఇద్దరి మగవాళ్ళకి. లెక్క ప్రకారం ఇద్దరం సమానం. కానీ మీ పావు రోజూ సాయంత్రం మీ ఒళ్ళో కూర్చుంటుంది. నా పావు నెలకోసారి ఫోనులో "హలో అమ్మమ్మా, ఉంటాను" అంటుంది.

మీ వదిన

తా.క.: జాకెట్టు నేనే కుట్టుకున్నాను.

*

వదినగారికి,

నమస్కారాలు. మా అత్తగారి ముక్కు నాకు గుర్తులేదు. మా అమ్మ ముక్కు గురించి అడగడానికి ఇప్పుడావిడ లేదు. చెట్టూ గిట్టూ గియ్యకండి. ఖాళీ గడి ఉంటే ఉండనివ్వండి, మా ఇంట్లో ఖాళీ గడులు ఎవరికీ అడ్డం రావు.

అయినా ముక్కుదేముంది? నా పావు ఏదని మీరు అడిగితే నేను చెప్పగలను. పిడుగు నోట్లో దారం ముక్క పెట్టుకుని నాలాగే ఆలోచిస్తుంది. కోపమొస్తే నాలాగే కుడికాలు ఆడిస్తుంది, మిషను తొక్కుతున్నట్టు. నిన్న ఒక ఖాతాదారుని కింది నుంచి పైదాకా చూసి, "ఈవిడకి గుడ్డ చాలదు" అంది. ఆవిడ వెళ్ళిపోయింది. గిరాకీ పోయినా నా కడుపు నిండిపోయింది.

ఫోను గురించి రాశారు. పిల్లని నేనేం లాక్కోవడం లేదు. మీ గొంతు వినగానే మీ అమ్మాయి ముఖం వెలిగిపోతుంది. అరగంట మాట్లాడుతుంది. నాతో రోజుకి అరగంటైనా మాట్లాడుతుందేమో లెక్క చూసుకోమనండి. అది నేనెవరితో చెప్పుకోను?

పిల్లని వచ్చే నెల బడిలో వేస్తున్నాం. ఫారంలో రక్తం గ్రూపు రాయాలన్నారు. పరీక్ష చేయిస్తే "బీ" అని వచ్చింది. ఇంజెక్షన్ బల్ల మీద ఏడవలేదు. అదీ నా పావే.

మీ వదిన

తా.క.: ఈసారి రెండు ఎర్ర పెన్నులు దగ్గర పెట్టుకోండి. తప్పులు కావాలనే ఎక్కువ రాశాను.

*

వదినగారికి,

నమస్కారం. బీ! నేను బీ. మా అమ్మాయి బీ. ఇప్పుడు పిల్ల బీ.

ముక్కుల్లో వాదనకి చోటుంటుంది, రక్తంలో ఉండదు. ఏ అని ఒక చీటీ, బీ అని ఒక చీటీ, రెండూ కాని ఓ అని ఒక చీటీ. తల్లి దగ్గరున్న రెండింట్లో ఒకటి, తండ్రి దగ్గరున్న రెండింట్లో ఒకటి బిడ్డకి వస్తాయి. ఏ, బీ కలిస్తే ఏబీ. ఓ ఉంటే పక్కదాని వెనకాల దాక్కుంటుంది. ఇంత శుభ్రమైన లెక్క ప్రకృతిలో ఇంకోటి లేదు.

మూడు తరాల బీ, వరసగా, నడవలో దీపాల్లాగా! మీ ఇంట్లో ఎవరి గ్రూపేమిటో రాసి పంపండి. ఊరికే, పట్టిక పూర్తి చెయ్యడానికి.

మీ వదిన

తా.క.: మీరు నన్ను చూసి అసూయపడుతున్నారని మీ ఉత్తరం చదివాకే తెలిసింది. ఆ రోజంతా చాలా హాయిగా ఉంది. క్షమించండి.

*

వదినగారికి,

నమస్కారాలు. నడవలో దీపాలట! మా ఇంట్లో మాత్రం చీకటా?

మా అబ్బాయి గ్రూపు ఏబీ. దుకాణం వాళ్ళు చేయించిన కార్డు ఉంది. ఏబీలో బీ లేదా? మీకన్నా ఒక అక్షరం ఎక్కువే ఉంది. మా ఆయనది ఏ. నాది ఓ. రక్తదానం చేసినప్పుడు రాసిచ్చారు. నా రక్తం ఎవరికైనా పనికొస్తుందని అక్కడ డాక్టరుగారు నిలబడి మరీ చెప్పారు. ఓ అంటే సున్నా అనుకునేరు. పూర్ణం.

కార్డులకి ఫొటో తీయించి పంపుతున్నాను. ఇప్పుడు గియ్యండి మీ పట్టిక.

మీ వదిన

తా.క.: దీపాలు నాలుగు. లెక్కపెట్టుకోండి.

*

వదినగారికి,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

ముందు మీకు రావలసింది మీకు ఇచ్చేస్తాను. అల్లుడుగారు ఏబీ అయితే, పిల్ల బీ అయితే, ఆ బీ ఖాయంగా అల్లుడుగారు ఇచ్చిందే. మా వైపు నుంచి బీ వచ్చిందో, వెనకాల దాక్కునే ఓ వచ్చిందో చెప్పలేం. మీరు గెలిచారు. ఈ వాక్యం రాయడానికి ఒక రాత్రి పట్టింది.

కానీ వదినగారూ, పట్టికలో ఒకచోట ఆగిపోయాను. వంటింటి తలుపు మీద సుద్దముక్కతో గడులు గీసి మళ్ళీ మళ్ళీ చూశాను. మీరు ఓ. మీ దగ్గరున్న రెండు చీటీలూ ఓ. మీరు బిడ్డకి ఇవ్వగలిగింది ఓ ఒక్కటే. అలాంటప్పుడు బిడ్డ ఏ కావచ్చు, బీ కావచ్చు, ఓ కావచ్చు. ఏబీ మాత్రం మామూలు లెక్కలో కాలేడు. తండ్రి ఎవరైనా సరే.

కార్డు రాసినవాళ్ళు పొరపాటు పడి ఉంటారు. మళ్ళీ ఒకసారి పరీక్ష చేయించుకోండి. అదీ కాకపోతే, ఎలా అడగాలో తెలీడం లేదు, అల్లుడుగారు పుట్టిన రోజున ఆ ఆసుపత్రిలో ఇంకెవరైనా మగపిల్లలు పుట్టారా?

మీ వదిన

తా.క.: ఈసారి మీ ఉత్తరంలో తప్పులు దిద్దలేదు. చూడలేదు కూడా.

*

టీచరుగారికి,

"తండ్రి ఎవరైనా సరే" అని రాశారు. చదువుకున్నవాళ్ళు, కాగితం మీద, సంతకం పెట్టి. నా ముప్ఫయ్యేళ్ళ కాపురాన్ని వంటింటి తలుపు మీద సుద్దముక్కతో గీశారు.

ఇక ఉత్తరాలు వద్దు.

తా.క.: ఇందులో తప్పులుంటే మీరే ఉంచుకోండి.

*

వదినగారికి,

వద్దన్నారు. అయినా రాస్తున్నాను. చదవకుండా పారేసినా రాయాల్సిందే.

మిమ్మల్ని అనలేదు. ఒట్టు, ఆ మాటకి అలాంటి అర్థం వస్తుందని నాకు తట్టనే లేదు. పాఠం చెప్పే అలవాటులో, తండ్రి గ్రూపు ఏదైనా లెక్క మారదని రాయబోయి అలా రాశాను. ఇరవై తొమ్మిదేళ్ళు ఊళ్ళో పిల్లల వాక్యాలు దిద్దినదాన్ని, నా వాక్యం నేను చూసుకోలేదు.

అసలు సంగతి చెప్పనా? నాకు కుళ్ళు. పిల్ల మొదటి అడుగు మీ వీధి గదిలో వేసింది. మొదటి మాట "టేపు" అంది. నేను చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని వచ్చేసరికి ప్రతిసారీ ఏదో ఒకటి అయిపోయి ఉండేది. అన్నీ మీకే దక్కాయి కదా, కనీసం ముఖంలో ఒక ముక్కైనా నాదనుకుంటే ఇంట్లో ఒక్కదాన్నీ ఉన్నప్పుడు చెప్పుకోవడానికి బాగుంటుందనుకున్నాను. మా అమ్మకి సొట్ట ఉందో లేదో, నిజం చెప్పాలంటే, ఇప్పుడు నాకే గట్టిగా గుర్తులేదు.

మా అమ్మాయికి ఫోను చేసి జరిగింది చెప్పాను. "అమ్మా, ఇక ఆపెయ్యవే" అని ఏడ్చింది. ఎందుకేడ్చిందో చెప్పలేదు.

మన్నించండి.

మీ వదిన

తా.క.: తలుపు కడిగేశాను.

*

వదినగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం పారెయ్యలేదు. గల్లాపెట్టెలో పెట్టుకున్నాను.

కార్డు తప్పు కాదు, మళ్ళీ చూపించుకున్నాను, నాది ఓనే. మీ లెక్కా తప్పు కాదు. ఆసుపత్రిలోనూ ఏ పొరపాటూ జరగలేదు. వాడు నా కడుపున పుట్టలేదు.

మా ఆయన మొదటి భార్య కొడుకు. వాడికి ఏడాది నిండకుండానే ఆవిడ జ్వరమొచ్చి పోయింది. నేను ఈ ఇంట్లో అడుగుపెట్టేసరికి వాడికి పద్నాలుగు నెలలు. మొదటిరోజే నా మెడలో టేపు రెండు కొసలూ పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఆ క్షణం నుంచి వాడు నా కొడుకే. నాకు వేరే పిల్లలు పుట్టలేదు, పుట్టలేదన్న దిగులూ లేదు. వాడికి పన్నెండేళ్ళప్పుడు వాళ్ళ నాన్న చెప్పారు. పెళ్ళికి ముందు వాడు మీ అమ్మాయికి చెప్పాడు. "అమ్మకి ఆ మాటెత్తితే ఇష్టం ఉండదు" అని కూడా చెప్పాడు. అందుకే ఇన్నాళ్ళూ మీ అమ్మాయి మన ఇద్దరి మధ్య నోరు కుట్టుకుని కూర్చుంది. నాతో అరగంట మాట్లాడదని మీకు ఫిర్యాదు చేశాను చూడండి, నా పరువు కోసం కన్నతల్లి దగ్గర కూడా నోరు విప్పని పిల్ల మీద.

ఆవిడ ఫొటో ఒకటుంది. దాన్ని పాత బట్టల పెట్టె అడుగున బోర్లా పెట్టాను. ముప్ఫయ్యేళ్ళుగా ఫొటో మీద అసూయపడుతున్నాను, వదినగారూ. బతికున్న మనిషైతే పోట్లాడేదాన్ని. ఆవిడ ముసలిదవదు, ఒక్కమాట అనదు, ఎప్పుడూ ఇరవై రెండేళ్ళే. ముక్కు కొసన గోటితో నొక్కినట్టు సొట్ట. పిల్లవాడు పెరుగుతుంటే రోజూ వాడి ముక్కు చూసేదాన్ని. రాలేదు. హమ్మయ్య అనుకున్నాను. ఆవిడ పూర్తిగా వెళ్ళిపోయిందనుకున్నాను.

పిడుగు పుట్టినప్పుడు నర్సు గుడ్డలో చుట్టి ముందు నా చేతికే ఇచ్చింది. గుడ్డ తొలగించి చూస్తే ఆవిడే. ఎవరూ వెతక్కముందే "నాది" అనేశాను. నాదంటే ఇంకెవరూ వెతకరు కదా అని. మొన్న పుట్టినరోజుకి మీరొచ్చి "మా వైపు" అన్నారు. ఆ పైన బఠాణీల ఉత్తరంలో "పోదు, దాక్కుంటుంది" అని రాశారు. ఆ రోజు ఒక్క గుడ్డ కూడా కత్తిరించలేకపోయాను.

మీ మీద కోపమొచ్చిన మర్నాడు పెట్టె తెరిచాను. ఫొటో ముక్కలు చేసేద్దామనే తీశాను. కత్తెర చేతిలోనే ఉంది. పిడుగు స్టూలెక్కి తొంగి చూసి, "ఇది నేనా?" అంది.

"కాదే."

"మరెవరు? నా ముక్కు పెట్టుకుంది."

ఏం చెప్పను? "మీ నాన్నకి అమ్మ" అన్నాను. ఆ మాట నోటితో అనడం అదే మొదలు.

పిడుగు నావైపు చూసింది, ఫొటోవైపు చూసింది. "నాన్నకి ఇద్దరమ్మలా? నాకు ఒక్కతేనా?" అని నేలమీద పడి కాళ్ళు కొట్టుకుంటూ ఒకటే ఏడుపు. పక్క దుకాణంవాళ్ళు కూడా వచ్చారు. మీ అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చి ఎంత బుజ్జగించినా ఊరుకోలేదు. ఆ కుళ్ళు చూసి నవ్వొచ్చింది నాకు. నవ్వుతూనే ఏడ్చాను. మీ అమ్మాయి కత్తెర నా చేతిలోంచి నెమ్మదిగా తీసుకుని పక్కన పెట్టింది. ఇద్దరం అరగంటకన్నా ఎక్కువే కూర్చున్నాం.

ఫొటో వీధి గదిలో పెట్టించాను. మా ఆయనే మేకు కొట్టారు. రెండుసార్లు వేలిమీద కొట్టుకున్నారు, నొప్పి అనలేదు. కొట్టాక చాలాసేపు అక్కడే నిలబడ్డారు. నేను లోపలికి వెళ్ళిపోయాను. అంతవరకే నా మంచితనం, అంతకుమించి లేదు.

ఆదివారం రండి. వారం రోజులుండేలా రండి. పిల్లని రోజూ సాయంత్రం మీ ఒళ్ళో కూర్చోబెడతాను, నేను వంటింట్లోంచి చూసి ఓర్చుకుంటాను. మీ పట్టికలో ఆ ఖాళీ గడిలో ఆవిడ పేరు రాయండి. రాశాక నాకు చూపించకండి.

మీ వదిన

తా.క.: వచ్చాక నాకో చిన్న సాయం చెయ్యాలి. వీధి గదిలో ఆ ఫొటోకి ఎదురుగా నిలబడి, "పిల్ల నానమ్మ ఏదీ?" అని గట్టిగా పిలవండి. నేను లోపల్నుంచి "ఇదిగో, ఇక్కడున్నా" అంటాను. ఆవిడకి వినపడాలి.